కట్టలో లేని ముక్క

మా ఇంట్లో ఒకాయన ఉన్నారు. మనిషన్నవాడు ఎదురుపడితే చాలు, చేతిలో అట్టముక్కల కట్ట ఒకటి పెట్టి, "వీటిని మీకెలా తోస్తే అలా కుప్పలు పెట్టండి. తప్పూ లేదు, ఒప్పూ లేదు" అంటారు. పాలవాడైనా సరే, పోలీసైనా సరే, పరామర్శకొచ్చి కళ్ళొత్తుకుంటున్నవాడైనా సరే. వీధి వీధంతా ఆయన్ని కుప్పలాయన అంటుంది. నేను మాత్రం ఏమీ అనను. ఏమనాలో తెలియక. ఆ సంగతి తరవాత చెప్తాను, ముందు నా గోడు వినండి.

ఇది పిచ్చి కాదు, ఆయన ఉద్యోగమే అది. అదే నా ఏడుపు. పిచ్చయితే ఏదో ఒక మందుండేది. ఊళ్ళో ఒక పరిశోధన సంస్థ ఉంది. మనుషులు లోకంలోని వస్తువుల్ని మనసులో ఎలా గుంపులు కట్టుకుంటారు, దేన్ని దేని పక్కన పెట్టుకుంటారు అన్నది తేల్చడం అక్కడ ఆయన పని. ముందు జనాన్ని అడుగుతారు, "కూరగాయలంటే మీకేం గుర్తొస్తాయి?" అని. ఎక్కువమంది నోట వచ్చిన మాటల్ని ఒక్కో అట్టముక్క మీద రాస్తారు. ఆ ముక్కలన్నీ కట్టగా కట్టి మళ్ళీ జనం చేతిలో పెడతారు. ఎవరు దేన్ని దేనితో కలిపారో చూసి మురిసిపోతారు. కూరగాయల కట్ట, రోగాల కట్ట, ఉద్యోగాల కట్ట, వంటింటి సామాన్ల కట్ట, చుట్టాల కట్ట. జేబుకొకటి. చొక్కా తీసి కొక్కేనికి తగిలిస్తే కొక్కెం ఊడొచ్చేది.

పద్ధతి దగ్గర మాత్రం ఆయన నిప్పు. జనం నోట వచ్చిన మాటయితే అది కట్టలో ఉండి తీరాలి. నచ్చలేదని తీసెయ్యడానికి వీల్లేదు. చుట్టాల కట్టలో అత్తయ్య, మామయ్య, పిన్ని, బాబాయి, సవతి తల్లి వగైరాల మధ్య "ఇంటి ఓనరు" అని ఒక ముక్క ఉండేది.

"ఇంటి ఓనరు చుట్టమేంటండీ, నా మొహం!" అంది మా అమ్మ.

"పిలవకుండా వస్తాడు, కూర్చుంటాడు, ఇల్లంతా కలియజూసి వంకలు పెడతాడు, చుట్టం కాకపోతే ఇంకెవరు అని జనమే అన్నారు. వాళ్ళన్న మాట తియ్యడానికి నేనెవర్ని?"

మా అమ్మని ఆయన చేసుకున్నది కూడా ఒక కుప్ప చూసే. మా నాన్న నా చిన్నప్పుడే పోయారు. అమ్మ కుట్టుమిషను పెట్టుకుని నన్ను పెంచుతోంది. కట్టల బరువుకి జేబులు చిరిగిపోయి ఈయన వారం వారం కుట్టించుకోవడానికి వచ్చేవారట. ఒకరోజు వంటింటి సామాన్ల కట్ట ఆవిడ చేతిలో పెట్టారు. మా అమ్మ కట్ట విప్పనైనా విప్పకుండా మిషను మీద పెట్టేసింది.

"ఇదేంటండీ, అంతా ఒకటే కుప్పా?"

"ఎన్ని కుప్పలు పెట్టినా తోమేది నేనేగా."

అప్పటిదాకా ఎవరూ ఆయనకి ఒకటే కుప్ప పెట్టలేదట. ఇంటికెళ్ళి అన్నం సయించలేదట. తెల్లారి చిరగని చొక్కా వేసుకుని మిషను దగ్గరికొచ్చి, "ఇకనించీ తోమేది ఇద్దరమైతే ఎలా ఉంటుందంటారు?" అన్నారు. మా అమ్మకి ఏమయిందో ఏమో, నవ్వేసింది. అలా నా బతుకు కుప్పల పాలయింది.

అప్పటికి నాకు పదేళ్ళు. నా గది గోడ మీద మా నాన్న ఫోటో ఉండేది. నాన్న అన్న మాట ఆ ఫోటోకి ఇచ్చేశాను. మరి ఈయన్నేమని పిలవాలి? కొన్నాళ్ళు అంకుల్ అన్నాను. పెరట్లో బట్టలారేసుకునే మనిషిని అంకుల్ అంటే అదోలా ఉంది. బాబాయి అందామంటే ఎవరి తమ్ముడని? చివరికి ఏమీ పిలవకుండా బతకడం నేర్చుకున్నాను. "ఇదిగో", "మిమ్మల్నే", "అమ్మా, ఆయన్ని భోజనానికి రమ్మను". అమ్మ ఇంట్లో లేనప్పుడు తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి కంచం పెట్టేసేదాన్ని.

పెద్దయ్యాక పళ్ళ డాక్టరమ్మ దగ్గర అసిస్టెంటుగా చేరాను. ఆయనకి పన్ను నెప్పి వచ్చింది. రాదూ మరి! మత్తు సూది ఇచ్చి, మూతి వంకర పోయి కూర్చున్న మనిషి, జేబులోంచి కూరగాయల కట్ట తీసి డాక్టరమ్మకిచ్చారు. "థప్పూ లేథు, ఒప్పూ లేథు" అన్నారు. ఆవిడ సరదాపడి పట్టకారు పక్కన పడేసి ముక్కలు సర్దింది. "ఇవి మెత్తనివి. ఇవి గట్టివి. ఇవి నాకు పేషెంట్లని పంపించేవి." బయట బెంచీ మీద దవడ పట్టుకుని జనం మూలుగుతున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన వెళ్ళాక డాక్టరమ్మ అడిగింది. "ఆయన నీకేమవుతారు?"

"మా అమ్మకి భర్తండీ."

"అంటే మీ నాన్నగారా?"

"కాదండీ."

"మరి?"

"అదే చెప్తున్నానండీ, మా అమ్మకి భర్త."

ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

ఇంకోసారి పార్కు బెంచీ మీద నలుగుర్ని పోగేసి ముక్కలు పంచుతుంటే పేకాటనుకుని కానిస్టేబుల్ స్టేషనుకి లాక్కెళ్ళాడు. నేనూ అమ్మా పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి కానిస్టేబుల్ బల్ల మీద చుట్టాల కట్ట పరిచి రెండు కుప్పలు పెడుతున్నాడు. సాక్షులు ఒక కుప్ప, ముద్దాయిలు ఒక కుప్ప. బావమరిది ముక్క పట్టుకుని తెగ ఆలోచిస్తున్నాడు. "వీడు రెండు పక్కలా ఉంటాడండీ" అన్నాడు. "భలే, భలే!" అంటూ ఈయన చేతులు పిసుక్కుంటున్నారు. విడిపించడానికి వెళ్ళిన మమ్మల్ని చూసి, "ఇంకాసేపు ఆగండి, ఎస్సైగారు కూడా వస్తారట" అన్నారు. నేను అక్కడే బెంచీ మీద కూలబడి తల పట్టుకున్నాను.

ఇన్ని చెప్పాక అసలు సంగతి చెప్పాలి. ఊళ్ళో అందర్నీ అడిగిన ఈ మనిషి నన్ను మాత్రం ఒక్కసారైనా అడగలేదు. చుట్టాల కట్ట మా అమ్మ చేత పెట్టించారు. ఇంటి ఓనరు చేత పెట్టించారు, ఆయన తన ముక్కని తనే మురిపెంగా దేవుళ్ళ పక్కన పెట్టుకున్నాడు. నేను పక్కనే నిలబడి చూసేదాన్ని. నా చేతిలోకి కట్ట వచ్చేది కాదు.

ఇంటర్ చదివేటప్పుడు ఉండబట్టలేక అడిగేశాను. "నేను పెట్టనా కుప్పలు?"

ఆయన కట్టకి రబ్బరు బ్యాండు వేసేసి, "ఇంట్లోవాళ్ళు లెక్కలోకి రారమ్మా. ఫలితం చెడిపోతుంది" అన్నారు.

"మరి అమ్మ?"

"మీ అమ్మ... మీ అమ్మ అప్పటికింకా ఇంట్లో మనిషి కాదు."

"మొన్న ఆదివారం పెట్టించారుగా!"

ఆయన బజారులో ఏదో పనుందని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చింది. ఒప్పుకోవడానికేం, బాగా ఏడ్చాను. దారిన పోయే ప్రతివాడి మనసులో ఏముందో కావాలి ఈయనకి, నా మనసు అక్కర్లేదు. నేను కన్నకూతుర్ని కాదు కాబట్టి లెక్కలోకి రానన్నమాట. ఆ మాట మనసులో పడ్డాక ఆయన ఏం చేసినా నాకు దానికి రుజువుగానే కనిపించేది.

సంస్థలో కూడా ఆయన పని ఏమంత బాగా నడవడం లేదు. చుట్టాల మీద ఆయన రాసిన రిపోర్టుని డైరెక్టరు ఏటా తిరగ్గొట్టేవాడు. "కట్టలో ఒక ముక్క తక్కువుందట" అని అమ్మ నాకు చెప్పేది. ఎక్కడో పారేసుకుని ఉంటారనుకున్నాను. చొక్కా గుండీలే సరిగ్గా పెట్టుకోలేని మనిషి. రిపోర్టు తిరిగొచ్చినప్పుడల్లా ఆయన బల్ల గుమ్మం వైపు జరిగేది. మొదట గది ఉండేది. తరవాత వరండాలోకి మార్చారు. ఆ తరవాత మెట్ల కింద. ఇప్పుడు జిరాక్స్ మెషీను పక్కన పడేశారు. తోటివాళ్ళంతా పై అంతస్తుకెళ్ళిపోతుంటే ఈయన వేడి మెషీను పక్కన చెమటలు కక్కుతూ కూర్చునేవారు. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "పిచ్చిదానా, ఇప్పుడు మనుషులు వాళ్ళంతట వాళ్ళే వచ్చి లైన్లో నిలబడుతున్నారే!" అన్నారు. ఇంకో మెట్టు జరిగితే వీధే. ఈయన బాగుపడరని నాకు రూఢి అయిపోయింది.

ఆయన బాగుపడకపోతే పోయె, నా పెళ్ళి కూడా అలాగే అయ్యేట్టుంది. మొదటి సంబంధం వాళ్ళొస్తే అబ్బాయి నాయనమ్మ చేతిలో రోగాల కట్ట పెట్టారు. ఆ అమాయకురాలు ముక్కలు వేరుచేస్తూ, "ఇవి మావాడికి వచ్చి తగ్గినవి, ఇవి వచ్చి తగ్గనివి, ఇది పెళ్ళయ్యేదాకా చెప్పొద్దన్నారు" అంది. వాళ్ళు బిస్కట్లు కూడా ముట్టుకోకుండా లేచారు. రెండోసారి పెళ్ళికొడుక్కే ఉద్యోగాల కట్ట ఇచ్చారు. అతను హుషారుగా మానేసినవన్నీ ఒక కుప్ప, మాన్పించేసినవన్నీ ఒక కుప్ప పెట్టి, చేస్తున్న ఉద్యోగం ముక్క కోసం వెతుకుతూ ఉండిపోయాడు. అదీ పోయింది. ఇక నాకు పెళ్ళి మాటంటేనే విరక్తి వచ్చేసింది.

అలాంటప్పుడు మా క్లినిక్ ఎదురుగా కళ్ళజోళ్ళ షాపతను నాకు నచ్చాడు. నేనూ అతనికి నచ్చాను. అతని తల్లి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయిన మనిషి. ఆవిడ నడిచొస్తుంటే రోడ్డు మీద పెద్దవాళ్ళు కూడా సిగరెట్టు పారేసేవారు. "అమ్మ ఒప్పుకుంటేనే" అన్నాడతను. అంతేగా మరి! ఈ సంబంధం కూడా పోతే ఇంక నేను బతికి ప్రయోజనం లేదనిపించింది.

వాళ్ళొచ్చే రోజు పొద్దున అమ్మ ఆయన్ని నిలబెట్టి జేబులన్నీ వెతికింది. కట్టలన్నీ లాగి బీరువాలో పెట్టి తాళం వేసింది. "నోరు తెరవకండి. మీకు దణ్ణం పెడతాను" అంది. ఆయన బుద్ధిగా తలూపారు. ఖాళీ జేబుల్తో ఆయన్ని ఎప్పుడూ చూడలేదేమో, సగమైపోయినట్టు కనిపించారు.

హెడ్‌మిస్ట్రెస్ వచ్చి కుర్చీలో నిటారుగా కూర్చుంది. కళ్ళజోళ్ళతను పక్కన ఒద్దికగా కూర్చున్నాడు. టీ వచ్చింది. ఆవిడ మా అమ్మని "వదినగారూ" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతలో ఆయన వైపు తిరిగి, "ఏమండీ, మీరు అమ్మాయికేమవుతారు?" అంది.

ఆయన టీ కప్పు ఆవిడ వైపు జరిపారు.

"చెప్పండి. రేపు మావాళ్ళు పిల్ల తండ్రెవరని అడుగుతారు. నేను ఏదో ఒకటి చెప్పాలిగా."

"అది... అది నేను చెప్పేది కాదండీ" అన్నారాయన.

"మీరు కాకపోతే ఇంకెవరు చెప్తారు?"

ఆయన అమ్మ వైపు చూశారు, కిటికీ వైపు చూశారు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులు తడుముకున్నారు. నేను చూస్తూ ఉండగానే కిందకి వంగి, మేజోడులోంచి చుట్టాల కట్ట తీశారు. మేజోడులోంచి! మా అమ్మ చేతిలో పళ్ళెం కిందకి జారింది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. అయిపోయింది, మూడోది కూడా అయిపోయింది.

"ఒక్కసారి వీటిని మీకెలా తోస్తే అలా..." అంటున్నారు.

"ఏంటివి? పరీక్షా?"

"కాదండీ. తప్పూ లేదు, ఒప్పూ లేదు."

"తప్పూ ఒప్పూ లేకపోవడమేంటి? ఉద్యోగమంతా మార్కులేసినదాన్ని నేను" అంది ఆవిడ. అంటూనే ముక్కలు అందుకుంది. అందుకుని, కళ్ళజోడు సర్దుకుని బల్ల మీద పరిచింది. చెప్తే వినేవాళ్ళు ఒక కుప్ప, చెప్పినా విననివాళ్ళు ఒక కుప్ప. ఇంటి ఓనర్ని బల్ల చివర విడిగా నిలబెట్టింది. అంతా పెట్టి, హాజరు పట్టీ చూసినట్టు ఇంకోసారి చూసింది.

"ఒకటి లేదు" అంది.

ఆయన ఇంటి ఓనరు ముక్కని కాస్త సరిచేశారు.

"సవతి తల్లి ఉంది. సవతి తండ్రి ఏడి? పారేసుకున్నారా?"

"లేదండీ. తీసేశాను."

నేను కళ్ళు తెరిచాను. ఇంటి ఓనర్నే తియ్యని మనిషి!

"ఎవరూ ఆ మాట చెప్పలేదా?"

"చెప్పారండీ. అందరూ చెప్పారు. మొదట్లో ఉండేది ఆ ముక్క. అయితే జనం అందరూ దాన్ని ఒకేచోట పెట్టేవారు. అప్పులవాడు, గిట్టనివాడు, నమ్మకూడనివాడు, వాళ్ళ పక్కన. జనం మాట జనం ఇష్టం, నేనేం కాదనను. కానీ ఇంట్లో చిన్నపిల్ల ఉందండీ. ఆ కుప్పలు ఎప్పుడూ బల్ల మీద పరిచి ఉండేవి. వచ్చి చూస్తుంది కదా. ఓహో, మనింట్లోకొచ్చినవాడు ఇలాంటివాడా అని భయపడదూ? అందుకని తీసేశాను."

"మీ డైరెక్టరు ఒప్పుకున్నాడా?"

"ఎందుకొప్పుకుంటాడండీ. పద్ధతి ప్రకారం ఆయనదే రైటు."

"మరి పిల్ల పెద్దదయిందిగా. తనకిచ్చి చూడకపోయారా, ఎక్కడ పెడుతుందో?"

"అమ్మో" అన్నారాయన. "ఊళ్ళో అందర్నీ అడగొచ్చండీ. దాన్ని మాత్రం అడక్కూడదు. ఒక చేతిలో వాళ్ళ నాన్న, ఇంకో చేతిలో నేను, ఎవర్నెక్కడ పెడతావో తేల్చుకోమంటే ఆ పిల్లేం చేస్తుంది? నా మొహం చూసి మొహమాటపడితే వాళ్ళ నాన్నకి అన్యాయం. నిజం చెప్తే..." అని ఆగి, మేజోడు పైకి లాక్కున్నారు. "నిజం చెప్తే నేను తట్టుకోలేనండీ."

ఒక్క ముక్క రాసి కట్టలో కలిపితే సరిపోయేది. రిపోర్టు వెళ్ళిపోయేది, బల్ల మళ్ళీ గదిలోకి వెళ్ళేది. అది మానేసి ఇన్నేళ్ళు జిరాక్స్ మెషీను పక్కన ఉడికిపోయారు. నేనేమో లెక్కలోకి రాలేదని ఏడ్చాను. ఈ మనిషి లెక్కలో ఉన్నదంతా నేనే.

హెడ్‌మిస్ట్రెస్ ముక్కలన్నీ ఒకచోటికి చేర్చి, అంచులు సమానంగా తట్టి, రబ్బరు బ్యాండు వేసి ఆయన చేతిలో పెట్టింది. తరవాత గొంతు సవరించుకుంది.

"మరి పెళ్ళి ఎప్పుడు పెట్టుకుందాం, అన్నయ్యగారూ?"

పెళ్ళికొడుకు తల్లి అన్నయ్యగారూ అనేది పెళ్ళికూతురి తండ్రిని. వేరే ఎవర్నీ కాదు. వరసల మీద జీవితమంతా పనిచేసిన మనిషికి ఆ సంగతి వేరే చెప్పాలా? ఆయన మొహంలో రంగులు మారిపోయాయి. కట్ట చేతిలోంచి జారింది. వంగి తీసుకుని, మళ్ళీ జారవిడిచారు.

"ఆ మాట... మీరు అలవాటు కొద్దీ అన్నారా అండీ, ఆలోచించి అన్నారా?"

"నేను ఆలోచించకుండా ఏ మాటా అనను."

కళ్ళజోళ్ళతను కిసుక్కున నవ్వాడు. మా అమ్మ పైట చెంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడ ఆలోచించి అంది, ఇక నా వంతు వచ్చింది. ఆయన అడగరు. చచ్చినా అడగరు. నేనే చెప్పాలి.

నాన్న అన్న మాట ఒకరికి ఇచ్చేశాను కదా. ఇచ్చింది వెనక్కి తీసుకోను. కానీ మన మాటల్లో గారు అని ఒకటుంది. దాన్ని కలిపితే ఎవరి మాట వాళ్ళదే, ఎవరికీ లోటు లేదు. ఇన్నేళ్ళూ అది తోచనందుకు నన్ను నేను తిట్టుకుంటూ, గట్టిగా పిలిచాను.

"నాన్నగారూ!"

ఆయన గబుక్కున గుమ్మం వైపు చూశారు, ఎవరి తండ్రో వచ్చారనుకుని. గుమ్మంలో ఎవరూ లేరు. కుర్చీలోంచి లేచి వరండాలోకి కూడా తొంగి చూశారు.

"అక్కడ కాదు, మిమ్మల్నే" అంది అమ్మ.

"ఎవర్నీ?"

"మిమ్మల్నేనండీ మహానుభావా!"

ఆయన నా వైపు తిరిగారు. నేను ఎదురుగా నిలబడే ఉన్నాను, చెయ్యి చాపితే అందేంత దూరంలో. "వస్తున్నా, వస్తున్నానమ్మా, ఇదిగో వచ్చేస్తున్నా!" అంటూ, ఆ పిలుపుకి ఏ పక్కకి రావాలో తెలియక, ఆయన నన్ను దాటుకుని పరుగులాంటి నడకతో వంటింట్లోకి వెళ్ళిపోయారు.